ఆ అంకె కిలోకి, ప్లేటుకి కాదు

సంపాదకులకు,

ఆర్యా,

మీ ఆదివారం అనుబంధంలో గ్రీసు యాత్ర మీద వచ్చిన వ్యాసం సముద్రపు ఒడ్డు భోజనశాలల మీద రెండు అభాండాలు వేసింది. చేప ప్లేటుకి డెబ్బై యూరోలు గుంజుతున్నారన్నది ఒకటి. ఉప్పూ నిమ్మరసం తప్ప ఏమీ లేని ఆ చప్పిడి చేపకి అంత డబ్బు దండగ అన్నది రెండోది. రెండోది రుచి సంగతి, దాని దగ్గరికి తర్వాత వస్తాను. మొదటిది మాత్రం లెక్క తెలియక వచ్చిన మాట. సెలవులకి అటు వెళ్లే తెలుగు కుటుంబాలు అదే భ్రమతో బల్ల ముందు కూర్చుంటే నిజంగానే జేబు ఖాళీ అవుతుంది. అందుకే ఈ ఉత్తరం.

గ్రీసులో చేపలే ప్రధానంగా వండే చోటుని ప్సారోతావెర్నా అంటారు. అక్కడి ధరల పట్టీలో రెండు రకాల అంకెలు పక్కపక్కనే ఉంటాయి. వేయించిన చిన్న చేపలు, స్క్విడ్, ఆక్టోపస్, రొయ్యలు, కూరలు, పచ్చళ్లలాంటి నంజుళ్లు ప్లేటు లెక్కన. మొత్తంగా కాల్చే పెద్ద చేపలు, పీతలకీ రొయ్యలకీ చుట్టమైన లాబ్‌స్టరు కిలో లెక్కన. ఫగ్రి, సినగ్రీదా, రోఫోస్ లాంటి పేర్ల ఎదురుగా కనిపించే 60, 70, 80 అన్నీ కిలో ధరలే. పట్టీలో ఆ సంగతి రాసే ఉంటుంది గానీ, చిన్న అక్షరాల్లో.

తూకం పచ్చి చేపకి, చాలాచోట్ల కడుపు శుభ్రం చేయకముందే. కిలో డెబ్బై యూరోలనుకుందాం. కిలోంబావు చేప 87 యూరోల 50 సెంట్లు. తల, ముళ్లు, పేగులు, తోలు పోగా తినే కండ సుమారు సగం, అంటే ఆరువందల గ్రాముల చిల్లర. నలుగురికి సరిపోతుంది, మనిషికి ఇరవై రెండు యూరోలు పడుతుంది. అది ఖరీదే, కానీ దోపిడీ కాదు. అదే నలుగురు 'మంచి చేప మీరే చూసి తెండి' అని వెయిటర్‌తో అంటే? ఆయన రెండుంబావు కిలోల చేప కాల్చి తెస్తాడు. బిల్లులో ఒక్క చేపకే 157 యూరోల 50 సెంట్లు కనబడుతుంది. చట్టప్రకారం ఆయన తప్పేమీ లేదు. పరిమాణం చెప్పకుండా తలూపినది మనం.

అక్కడి వాళ్లు చేసే పని చూడండి. కూర్చోగానే లేచి, మంచు పరిచిన పెట్టె దగ్గరికో, వంటింట్లో లాగే సొరుగు దగ్గరికో వెళ్తారు. ఏది ఈ రోజు పట్టింది అని అడుగుతారు. చేపని వేలుతో చూపిస్తారు. త్రాసు మీద పెట్టించి తూకం, మొత్తం ధర రెండూ చెప్పించుకుని, అప్పుడు సరే అంటారు. ఇందులో మొహమాటానికి తావు లేదు, ఎవరూ ఏమీ అనుకోరు. విశాఖ ఫిషింగ్ హార్బరులోనో కాకినాడ బజారులోనో మొప్ప ఎత్తి చూడకుండా చేప కొనని మనం, బల్లకి తెల్లగుడ్డ పరిచేసరికి ఎందుకో నోరు కట్టేసుకుంటాం. ఇక్కడి పరీక్షలే అక్కడా పనికొస్తాయి: కన్ను ఉబ్బి మెరవాలి, మొప్ప ఎర్రగా తడిగా ఉండాలి, నొక్కితే కండ వెనక్కి రావాలి, వాసన సముద్రపు నీటిది కావాలి గానీ చేపది కాకూడదు. చేప చూపించడానికి సాకులు చెప్పే చోట పెద్ద చేప తినకపోవడమే మేలు, ప్లేటు లెక్కన ఉన్నవి తిని లేవచ్చు.

మనిషికి ఎంత తూకం అడగాలి అన్నదానికి, నంజుళ్లు కూడా తింటారు కాబట్టి, మూడువందల నుంచి మూడువందల యాభై గ్రాములు చాలు. ఇద్దరైతే ఆరేడు వందల గ్రాముల చేప ఒకటి. నాలుగు చిన్న చేపల కన్నా ఒక పెద్దది నయం. కాల్చినప్పుడు ఎండిపోదు, ముల్లు సులువుగా ఊడివస్తుంది. లాబ్‌స్టరుతో చేసే మకరోని, అక్కడి పేరు అస్తకోమకరొనాదా, ఇంకా జాగ్రత్తగా అడగాల్సింది. పేరు మకరోనిది, ధర మాత్రం పెంకుతో సహా తూచిన లాబ్‌స్టరుది. బిల్లు చూసి గొడవలు పడే చోట్లలో ఇదొకటి.

ఇక గడ్డకట్టిన సరుకు సంగతి. పట్టీలో పేరు పక్కన నక్షత్రం గుర్తో, 'కాట్' అని మూడు గ్రీకు అక్షరాలో ఉంటే అది ఫ్రీజర్‌లోంచి వచ్చింది. ఈ గుర్తు పెట్టడం తప్పనిసరి, కాబట్టి దాన్ని నమ్మవచ్చు. దాన్ని చూసి మొహం చిట్లించనక్కరలేదు. ఆక్టోపస్‌కి గడ్డకట్టించడం మేలే చేస్తుంది. మంచు పలుకులు కండ నారల్ని చీల్చి మెత్తబరుస్తాయి. స్క్విడ్ విషయంలో మాత్రం తేడా తెలుస్తుంది. వేసవిలో పర్యాటకుల ఊళ్లలో వచ్చే వేయించిన ఉంగరాలు చాలావరకు ఫ్రీజరువే. ఒక్కోచోట కలమారి అనే అసలు స్క్విడ్ బదులు థ్రాప్సలో అనే గట్టి జాతి వస్తుంది, రబ్బరులా సాగితే కారణం అదీ కావచ్చు, ఎక్కువసేపు వేయించడమూ కావచ్చు. తాజా స్క్విడ్ కావాలంటే శరత్కాలం నుంచి చలికాలం దాకా అడగాలి, ముక్కలుగా కాకుండా మొత్తంగా కాల్చమనాలి.

పెంపకం చేప, సముద్రపు చేప అన్న భేదం కూడా ధరలో పెద్దదే. త్సిపూరా, లవ్‌రాకి అనే రెండూ గ్రీసు తీరంలో తేలే పంజరాల్లో పెంచుతారు. ఈ రెండింటి పెంపకంలో ఐరోపా సమాఖ్యలో ముందున్న దేశాల్లో గ్రీసు ఒకటి. లవ్‌రాకిని మనవాళ్లు పండుగప్పతో పోలుస్తారు గానీ జాతి వేరు. పెట్టెలో ఒకే అచ్చులో పోసినట్టు మూడువందల యాభై గ్రాముల త్సిపూరాలు వరసగా పడుకుని ఉంటే అవి పంజరంలోవే. రెక్కల అంచులు అరిగి, ఒళ్లు గుండ్రంగా, కడుపులో కొవ్వు తెల్లగా ఉంటుంది. తినడానికి బాగానే ఉంటుంది, పిల్లలకి ఇంకా మంచిది. పంజరం చేపకి సముద్రపు చేప ధర కట్టకూడదు, అంతే. 'పెంచినదా, పట్టినదా' అని ఇంగ్లిషులో ఒక్క ప్రశ్న వేస్తే చాలు, చాలామంది నిజమే చెబుతారు.

వ్యాసకర్త రుచి లేదన్నది జులై, ఆగస్టు నెలల్లో తిన్న పెద్ద చేప గురించైతే, అందుకు వేరే కారణం ఉంది. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలు ఆగినట్టే, గ్రీకు జలాల్లో ట్రాలర్లు జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆగుతాయి. సరిగ్గా పర్యాటకులు ముంచెత్తే నాలుగు నెలలు. ఆ రోజుల్లో పెద్ద చేప రావాలంటే చిన్న పడవలు వేసే వలలు, పరగాది అనే గాలాల వరసలే దిక్కు. దానికి తోడు ఆ నెలల్లోనే ఈజియన్ సముద్రం మీద మెల్తేమి అనే ఉత్తరపు గాలి వరసగా నాలుగైదు రోజులు కొడుతుంది. ఆకాశంలో మబ్బుతునక కూడా ఉండదు, పడవలు మాత్రం రేవు దాటవు. గాలి మూడో రోజున మికొనోస్ ద్వీపంలోనో పారోస్ ద్వీపంలోనో పెద్ద చేప అడిగితే, వచ్చేది మూడు రోజుల నాటిదో, పంజరానిదో, దూరం నుంచి తెచ్చినదో. ఆ రోజు ఆక్టోపస్ తినడం తెలివి.

వేసవిలో పడవ నుంచి నేరుగా బల్ల మీదికి వచ్చేవి చవక చేపలే. రాత్రిళ్లు దీపాలు పెట్టి చుట్టువలలు వేసే గ్రి-గ్రి పడవలు నెత్తళ్ల జాతి గావ్రోస్‌నీ, కవళ్ల జాతి సర్దేలానీ తెస్తాయి. పౌర్ణమి చుట్టూ రోజుల్లో వెన్నెలకి దీపం పనిచేయదు, పడవలు ఒడ్డునే ఉంటాయి. కాబట్టి సర్దేలా తినాలంటే పంచాంగం చూసుకోవచ్చు, తిథి అక్కడా ఒకటేగా. మళ్లీ డిసెంబరు నడుమ నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ఈ చుట్టువలలకీ విరామం. సర్దేలాకి జులై, ఆగస్టుల్లో కొవ్వు పడుతుంది, లెస్వోస్ ద్వీపంలో కల్లోని అఖాతంవి పేరున్నవి. ప్రతిదానికీ ఓ కాలం, కోలియోస్‌కి ఆగస్టు అని గ్రీకు సామెత. కోలియోస్ అంటే కానాగంతలకి దగ్గరి చుట్టం.

డెబ్బై యూరోల చేప బదులు ఒక ప్లేటు గావ్రోస్, ఒక ప్లేటు బర్‌బూనీ తెప్పించుకుంటే మన నాలుకకి ఎక్కువ తృప్తి. బర్‌బూనీ మన గులివిందల కుటుంబంలోదే, రాతి అడుగున తిరిగేది. దాని బురద చుట్టం కుత్సోమూరా కొంచెం చవక. కొన్నిచోట్ల బర్‌బూనీ కూడా కిలో లెక్కనే ఉంటుంది, చూసుకోవాలి. వేపుడు పద్ధతి తేలిక. చేపకి ఉప్పు పట్టించి, తడి ఆర్చి, గోధుమపిండిలో దొర్లించి, అంటని పిండి దులిపి, బాగా కాగిన నూనెలో కొద్దికొద్దిగా వేస్తారు. ఒకేసారి గుప్పెళ్లు పోస్తే నూనె వేడి పడిపోతుంది, పిండి నూనె తాగుతుంది. ప్లేటు అడుగున నూనె మడుగు కనిపిస్తే జరిగింది అదే, వెనక్కి పంపవచ్చు. మరీదా, అథెరీనా లాంటి వేలెడు చేపల్ని తలతోక సహా నమిలేస్తారు. సిమి ద్వీపపు బుల్లి రొయ్యలైతే పెంకుతోనే. నిమ్మకాయ మొత్తం ఒకేసారి పిండకండి, కరకర పోతుంది. నోట్లో పెట్టుకునే ముందు ఒక్కొక్క దాని మీద పిండుకోవాలి. చేతులతో తినడం అక్కడ మామూలే, ఫోర్కుతో కుస్తీ పట్టనవసరం లేదు.

ఇప్పుడు చప్పిడి అన్న మాట దగ్గరికి. బొగ్గుల మీద కాల్చిన చేపకి వాళ్లు మసాలా పట్టించకపోవడం చేతకాక కాదు. ఆ చేపకి ఆ ఉదయం పట్టిన తాజాదనమే ధర. మసాలా వేస్తే పంజరం చేపకీ దానికీ తేడా తెలియదు, డెబ్బై యూరోలు పెట్టడంలో అర్థం ఉండదు. కాల్చడంలో పట్టింపులు చాలానే ఉన్నాయి. బొగ్గు మంట ఆరి తెల్లటి బూడిద పట్టాకే చేప పెట్టాలి. చేప తోలు పొడిగా ఉండి, నూనె రాసి ఉండాలి, ఇనప జాలీ ముందే కాగి ఉండాలి. తడి తోలు జాలీకి అంటుకుని చిరుగుతుంది. నాలుగువందల గ్రాముల చేపకి ఒక్కో వైపు సుమారు ఆరేడు నిమిషాలు, ఒక్కసారే తిప్పాలి. నిమ్మరసం ముందు రాయరు. పులుపుకి పైకండ తెల్లబడి, పొడిపొడిగా విడిపోతుంది. దింపాకే లాదోలేమోనో పోస్తారు: ఒక పాలు నిమ్మరసానికి రెండు నుంచి మూడు పాళ్లు ఆలివ్ నూనె, ఉప్పు, కొంచెం ఒరెగానో, చిక్కబడేదాకా గిలక్కొట్టి.

మనవాళ్లు చేసే పొరపాటు ఇక్కడే. 'బాగా కాల్చండి' అని చెబుతారు. వెన్నుముల్లు దగ్గర కండ గులాబీ రంగు పోయి, ముల్లు నుంచి అప్పుడే విడివడే స్థితిలో దింపాల్సిన చేప ఇంకో ఐదు నిమిషాలు నిప్పు మీద ఉంటే పీచుగా మారుతుంది. తర్వాత రుచి లేదని వంటవాణ్ని తిడతాం. కారం తప్పదనుకుంటే పక్కన ఎండుమిరప పలుకులు అడగవచ్చు, చాలాచోట్ల ఉంటాయి. ఇంటి నుంచి తీసుకెళ్లిన కారప్పొడి చల్లుకున్నా ఎవరూ పట్టుకోరు గానీ, మొదటి రెండు ముద్దలు అది లేకుండా తినండి.

చేప తలతో సహా వస్తుంది. వెన్ను వెంట కత్తితో గీత పెట్టి, పై కండని కడుపు వైపుకి జరిపి, తోక దగ్గర ముల్లు పట్టుకుని తల వైపుకి లేపితే మొత్తం అస్థిపంజరం ఒక్కటిగా వచ్చేస్తుంది, కింది కండ సిద్ధంగా ఉంటుంది. చేతకాకపోతే అడగండి, వెయిటరే బల్ల దగ్గర చేసిపెడతాడు. బుగ్గల్లోని రెండు చిన్న ముక్కలు వదలకండి. ఆ మాట గోదావరి జిల్లాల వాళ్లకి చెప్పక్కరలేదు.

తాళ్ల మీద బట్టల్లా ఆరేసిన ఆక్టోపస్‌లు ఫొటోల కోసం కాదు. ఎండకీ గాలికీ పైనీరు ఇంకిపోతే బొగ్గు మీద అది ఉడకకుండా కాలుతుంది, అంచులు మాడి లోపల మెత్తగా ఉంటుంది. తడిది పెడితే తన నీళ్లలో తనే ఉడికి, సగానికి ముడుచుకుపోతుంది. పారోస్‌లోని నౌసాలో ఇదే ఎండబెట్టే పద్ధతిని చేపకి వాడతారు. నిలువునా చీల్చి ఎండకి పెట్టి, ఆ తర్వాత కాల్చే ఆ చేప పేరు గూనా.

పులుసు లేకపోతే ముద్ద దిగని వాళ్లకి కకావియా ఉంది. జాలరులు పడవ మీద కాచుకునేది. ఉల్లిపాయ, బంగాళాదుంప, పుష్కలంగా ఆలివ్ నూనె, అమ్మకానికి పనికిరాని రాతిచేపలు. ఆ చిన్న చేపల్ని మెత్తగా ఉడికించి వడగట్టి, ఆ రసంలో పెద్ద ముక్కలు వేసి పది పదిహేను నిమిషాలు మరిగించి, చివర నిమ్మరసం పిండుతారు. రసం, చేప వేరువేరుగా వడ్డిస్తారు. చింతపండు లేదు, కారం లేదు, అయినా మన పులుసు మనిషికి ఆ చిక్కటి రసం నచ్చుతుంది. చాలాచోట్ల ముందురోజే చెప్పాలి, ఇద్దరికి తక్కువ చేయరు. దీనికీ ధర కొన్నిచోట్ల చేప తూకాన్ని బట్టే.

కుటుంబంలో శాకాహారులుంటే భయపడనక్కరలేదు. ఫావా అని పసుప్పచ్చ పప్పు ముద్ద వస్తుంది, పైన ఉల్లిపాయ, ఆలివ్ నూనె. చూపుకి ముద్దపప్పే. సాంతొరీని ద్వీపానిది పేరున్నది. వేసవిలో హోర్తా అని అడిగితే ఉడికించిన వ్లీతా పెడతారు. అది తోటకూర జాతే, నూనె, నిమ్మరసం పిండుకుని తినాలి. గ్లిస్త్రీదా అంటే గంగవాయిలి కూర, పచ్చిగానే సలాడ్‌లో వేస్తారు. కానీ వేయించిన గుమ్మడిజాతి కాయలు, బంగాళాదుంపలు తరచు చేపలు వేగిన నూనెలోనే వేగుతాయి. పట్టింపు ఉంటే ముందే అడగాలి. తారమోసలాతా చూడ్డానికి పెరుగుపచ్చడిలా ఉన్నా చేపగుడ్లతో చేసేది. గాఢమైన గులాబీ రంగుది రంగు కలిపింది, నాసిరకం. మంచిది తెలుపుకి దగ్గరగా ఉంటుంది.

ఈస్టరుకి ముందు ఉపవాస దినాల్లో వెళ్లేవాళ్లకి ఒక మాట. ఆర్థడాక్సు ఆచారంలో రక్తం లేని జీవులని రొయ్యలు, స్క్విడ్, ఆక్టోపస్, ఆలిచిప్పలు తినవచ్చు, చేప కూడదు. ఆ నియమం సడలేది రెండు రోజులు: మార్చి 25న ఒకసారి, మట్టల ఆదివారం నాడు ఒకసారి. మార్చి 25 స్వాతంత్ర్య దినం కూడా. ఆ రోజు దేశమంతా వేయించిన ఉప్పు కాడ్ చేప, వెల్లుల్లి ముద్దతో. బల్ల దొరకడం కష్టం.

ఈ మధ్య రోడ్స్, క్రీటు ద్వీపాల పట్టీల్లో లయన్‌ఫిష్ అని కనిపిస్తోంది. సూయజ్ కాలువ దాటి ఎర్రసముద్రం నుంచి వచ్చి అక్కడి చేపల్ని తినేస్తున్న జాతి. ముళ్లలో విషముంది, కండలో లేదు, వంటవాడు ముళ్లు కోసేస్తాడు. నిస్సంకోచంగా తినవచ్చు, తింటే సముద్రానికీ మేలు. అదే దారిన వచ్చిన కప్పచేప జాతి లగోకెఫాలోస్ మాత్రం ప్రాణం తీస్తుంది. దాని అమ్మకం నిషిద్ధం. అద్దె ఇల్లు తీసుకుని రేవులో ఎవరో ఉచితంగా ఇచ్చిన చేప వండుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

వేళలు మనకి కొత్త. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు, రాత్రి తొమ్మిది తర్వాత. ఏడుకే వెళ్తే చుట్టూ కనిపించేది పర్యాటకులే గానీ, వంటవాడికి తీరిక ఉంటుంది, పెట్టెలో చేపా ఎక్కువ ఉంటుంది. పిల్లలున్న వాళ్లకి అదే నయం. అన్నీ ఒకేసారి చెప్పకండి. చెప్పినవన్నీ ఒక్కసారిగా బల్ల మీద వాలుతాయి, కాల్చిన చేప చల్లారిపోతుంది. నంజుళ్లు ముందు, అవి సగమయ్యాక చేప నిప్పుల మీద పెట్టమనాలి.

బిల్లులో రొట్టెకి మనిషికి ఒకటీ రెండు యూరోలు పడుతుంది. అడగకుండానే వస్తుంది, వద్దంటే తీసుకుపోతారు. పట్టీలోని ధరల్లో పన్నులన్నీ కలిసే ఉంటాయి, పైన ఇంకేమీ చేరకూడదు. టిప్పు తప్పనిసరి కాదు, ఐదు నుంచి పది శాతం మర్యాద. రసీదు లేకపోతే వినియోగదారుడు డబ్బు చెల్లించనక్కరలేదన్న వాక్యం పట్టీ మీదే గ్రీకులో, తరచు ఇంగ్లిషులో కూడా అచ్చువేసి ఉంటుంది. కాగితం ముక్క మీద చేత్తో రాసిన లెక్క రసీదు కాదు. ముద్రించిన రసీదు అడిగి, అందులో చేప తూకం మీ ఎదుట త్రాసు చూపిన తూకమేనా అని సరిచూసుకుని, అప్పుడు కార్డు తీయండి.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
విశాఖపట్నం